దుబాసీ నేర్పిన మాట

దుబాసీ అనే పేరు అతనికి బావ పెట్టిందే. ఆఫీసు గుర్తింపు కార్డు మీద ఇంకేదో పేరు ఉండేది గానీ, వీధి మొగలో కూరలమ్మే ఆవిడ దగ్గర్నుంచి సంస్థ డైరెక్టరు దాకా అందరికీ అతను దుబాసీయే. రెండు భాషల వాళ్ళ మధ్య కూర్చుని ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవెయ్యడం అతని ఉద్యోగం. "ఇద్దరి మధ్య కూర్చోవడమే గానీ ఒకరి పక్కన కూర్చోవడం వీడికి చేతకాదు," అని బావ, అతనికి పెళ్ళి కాకపోవడం గురించి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ హాస్యమాడేవాడు. అతను నవ్వి ఊరుకునేవాడు. అక్క మాత్రం, "చాల్లెండి, మీ పక్కన కూర్చున్నందుకు నాకేం ఒరిగిందని," అని మొగుడి నోరు మూయించేది.

అమ్మా నాన్నా పోయేనాటికి అతనికింకా మీసాలు రాలేదు. అక్క తన కాపురంలోకే తెచ్చుకుంది. బావ వడ్రంగి. రేవుకు పోయే రోడ్డు మీద రేకుల కప్పుతో పొడుగాటి కార్ఖానా ఉండేది. అందులో బడిపిల్లల బెంచీలు తయారయ్యేవి. ఊళ్ళో చదువుకున్న వాళ్ళందరూ ఏదో ఒక వయసులో బావ బెంచీ మీద కూర్చున్నవాళ్ళే, దాని మీద పేరు చెక్కినవాళ్ళే. బావమరిదికి కూడా పని పట్టుబడుతుందేమోనని బావ ఉలి చేతికిచ్చి చూశాడు. నెల తిరక్కుండానే ఎడమచేతి వేళ్ళన్నిటికీ గుడ్డపీలికలు పడ్డాయి.

"ఒరే, చెక్క నిన్ను చూసి నవ్వుతోందిరా," అన్నాడు బావ. "నువ్వెళ్ళి ఆ మేడమీద ముసలాయన దగ్గర కూర్చో. ఆయనకి మాట్లాడే మనిషి లేడు, నీకు మాట్లాడే పని లేదు."

మేడమీద గదిలో అద్దెకుండే ముసలాయన ఓడల కంపెనీలో గుమాస్తాగా చేసి దిగిపోయినవాడు. ఆయన దగ్గరే అతను విదేశీ భాష నేర్చుకున్నాడు. భాషతో పాటు ఒక పద్ధతి కూడా నేర్చుకున్నాడు. మాట చేరవేసేవాడు అందులో తన ఉప్పూ కారం కలపకూడదనేవాడు ముసలాయన. ఎవడి కోపం వాడిది, ఎవడి కన్నీళ్ళు వాడివి, మనం మాట మాత్రం మొయ్యాలి అనేవాడు. అతను ఆ పద్ధతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, అరిచేవాడి మాటా బతిమాలేవాడి మాటా అతని గొంతులోంచి ఒకే బరువుతో బయటికొచ్చేవి. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు మారేది కాదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడుకుని, "కాస్త జ్వరంగా ఉన్నట్టుంది," అనేవాడు. అక్క నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే గానీ ఆ మాటకి అర్థం తెలిసేది కాదు.

ఆ రోజుల్లో దేశానికొక ఆశ పట్టుకుంది. రేవులో పాత గిడ్డంగులు పడగొట్టి, వాటి స్థానంలో అద్దాల మేడలు లేపారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద బ్యాంకులూ బీమా కంపెనీలూ వచ్చి వాటిలో ఆఫీసులు తెరుస్తాయని, వాటి వెనకాల ఉద్యోగాలు వరస కట్టుకొస్తాయని చెప్పారు. వచ్చినవాళ్ళకి కొన్నేళ్ళ పాటు పన్నులుండవన్నారు. విదేశీ కంపెనీ ఇక్కడి వాటాదారు ఎవరూ లేకుండా సొంతంగా బీమా వ్యాపారం చేసుకోవచ్చని కొత్త చట్టం చేశారు. వాళ్ళని పిలవడానికి ఒక సంస్థ పెట్టారు. పిలవడం, మేడలు చూపించడం, భోజనం పెట్టడం, సాగనంపడం దాని పని. దుబాసీ అందులో చేరాడు.

చాలామంది వచ్చారు. పై అంతస్తు కిటికీలోంచి సముద్రాన్ని ఫొటోలు తీసుకున్నారు. వెళ్ళిపోయారు. సాయంత్రం కాగానే ఖాళీ అంతస్తులన్నిటిలోనూ దీపాలు వేయించేవాడు డైరెక్టరు. "చీకటి కొంపకి చుట్టం కూడా రాడయ్యా," అనేవాడు.

ఆ తర్వాత ఒక పెద్ద కంపెనీ అధినేత్రి వచ్చింది. నెరిసిన జుట్టు, తగ్గు స్వరం, చేతిలో చిన్న పెన్సిలు. ఆవిడ కంపెనీ మనుషులకి బీమా చెయ్యదు, బీమా కంపెనీలకే బీమా చేస్తుంది. ఆ సంగతి దుబాసీ చెప్పగానే, ఆవిణ్ణి పలకరించడానికి వచ్చిన మంత్రి కుర్చీలో ముందుకి వంగాడు.

"బీమాకే బీమానా? మరి ఈవిడ కంపెనీకి ఎవరు చేస్తారట?"

దుబాసీ అడిగాడు. ఆవిడ నవ్వి జవాబు చెప్పింది.

"ఆ ప్రశ్నకే మాకు నిద్రపట్టదు అంటున్నారు," అన్నాడు దుబాసీ. "తమది ముప్పు కొనుక్కునే వ్యాపారమట."

"ముప్పు కొనితెచ్చుకునేవాళ్ళు మా దగ్గరా బోలెడంతమంది ఉన్నారని చెప్పవయ్యా," అన్నాడు మంత్రి. గదంతా నవ్వులు. ఆ నవ్వుని అవతలి భాషలోకి మోసుకెళ్ళడానికి దుబాసీ కొంచెం చెమటోడ్చాడు.

మంత్రి వెళ్ళాక అసలు మాటలు మొదలయ్యాయి. తగాదా వస్తే మీ కోర్టులో ఎన్నాళ్ళకి తేలుతుందని ఆవిడ అడిగింది. త్వరగానే తేలుతుందన్నాడు డైరెక్టరు. ఈ కొత్త చట్టం కింద ఇప్పటిదాకా ఒక్క తగాదా అయినా తేలిందా అని అడిగింది. ఇంకా ఎవరూ రాలేదు కాబట్టి తగాదాలు కూడా రాలేదన్నాడు డైరెక్టరు. ఆవిడ పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. "మీ చట్టం చక్కగా రాశారు. దాన్ని ఎవరైనా వాడి చూశాక మళ్ళీ మాట్లాడుకుందాం," అంది. దుబాసీ ఆ మాట అలాగే చేరవేశాడు. డైరెక్టరు మొహంలో రంగు దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం హాల్లో వీడ్కోలు సభ. కారులో వెళుతుండగా ఆవిడ దుబాసీ వైపు తిరిగింది. ఇంత ఆదరించారు, సెలవు తీసుకునేటప్పుడు మీ భాషలో ఒక్క మాటైనా చెప్పాలనుంది, ఏమంటారు అని అడిగింది. అతని ఉద్యోగం మొత్తంలో ఎవరూ అలా అడగలేదు. ఉత్సాహంగా చెప్పాడు. "మేం వెళ్తున్నాం అనం. పోతున్నాం అని అసలే అనం. బయల్దేరేటప్పుడు 'వస్తాం' అంటాం. వెళ్ళేవాళ్ళు మళ్ళీ రావాలని దాని భావం." ఆవిడకి ఆ మాట నచ్చింది. కారు ఆగేదాకా గొణుక్కుంటూనే ఉంది.

సభలో దండలూ ఉపన్యాసాలూ అయ్యాక ఆవిడ లేచింది. ఎదురుగా కెమెరాలు. దుబాసీ ఆవిడ భుజం వెనక నిలబడ్డాడు. ఆవిడ అతని వైపు ఒకసారి చూసి, మైకు దగ్గరికి వంగి, అక్షరాలు కూడబలుక్కున్నట్టు, "వస్తాం!" అంది.

మనవాళ్ళెవరైనా ఆ మాటంటే ఎవరూ తల కూడా తిప్పరు. చెప్పులు వెతుక్కుంటూ అందరూ అనే మాటే. కానీ పరాయి మనిషి, పనిగట్టుకుని మన భాష నేర్చుకుని మరీ, అన్ని కెమెరాల ముందు వస్తామంది.  హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మంత్రి ఆవిడ చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. ఆ చప్పట్లు తన ఉచ్చారణకే అనుకుని ఆవిడ సిగ్గుపడుతూ మళ్ళీ అంది, "వస్తాం, వస్తాం!"

విమానం ఎక్కించి వచ్చాక దుబాసీ డైరెక్టరు గదికి వెళ్ళాడు.

"సార్, ఆవిడ సెలవు తీసుకున్నారంతే. ఆ మాట నేను నేర్పిందే."

"నేనేమన్నా నిన్న పుట్టాననుకున్నావా?" డైరెక్టరు తలుపు వెయ్యమని సైగ చేశాడు. "నాకు తెలీదా? కానీ విను. నలుగురు కూర్చున్న అరుగు మీదికే అయిదోవాడు వస్తాడు. ఒక పెద్ద కంపెనీ వస్తోందని పేరు పడితే చాలు, తక్కినవాళ్ళకి కాళ్ళు నిలవ్వు. అప్పుడు ఆవిడ కూడా నిజంగానే రావచ్చు. నీ పని తర్జుమా. వ్యాఖ్యానం కాదు. అర్థమైందా?"

అతను తలూపాడు. టీవీల్లో అప్పటికే 'వస్తామన్నారు' అని పెద్దక్షరాలు తిరుగుతున్నాయి.

ఉద్యోగం వచ్చాక వేరే గది తీసుకున్నా, ఆదివారం భోజనం అక్క ఇంట్లోనే. బావ అతన్ని చూడగానే పీట జరిపాడు.

"రావయ్యా రా, దేశానికి లక్ష్మిని తెచ్చినవాడా! ఆవిడ 'వస్తాం' అంటున్నప్పుడు టీవీలో నీ చెవి కనపడింది. మీ అక్క ఇరుగూ పొరుగూ అందర్నీ పిలిచి చూపించింది, మా తమ్ముడి చెవి, మా తమ్ముడి చెవి అని."

"చెవే ఎందుకు, భుజం కూడా కనపడింది," అంది అక్క.

"చూడాలి బావా. ఇంకా కాయితం రావాలి," అన్నాడు దుబాసీ.

"వస్తుందిలే. మనుషులే వస్తుంటే కాయితానికేం రోగం?" బావ చెయ్యి కడుక్కుని తన కబురు చెప్పాడు. పన్నెండో అంతస్తు ఆ కంపెనీ కోసమని అట్టేపెట్టారట. మేడల కాంట్రాక్టరు పిలిచాడట. బల్లలూ అరలూ కుర్చీలూ ఇక్కడే చేయించాలని ఉంది, ముందే సరుకు సిద్ధంగా ఉన్నవాడికే పని అన్నాడట. "ఎన్నాళ్ళు చేస్తానురా పిల్లకాయల బెంచీలు? నా చేతిలో ఇంకా పనుంది. అద్దంలా మెరిసే బల్ల ఒకటి చెయ్యాలని నా చిన్నప్పటి కోరిక. ఈసారి బడుల పని వద్దనేద్దామనుకుంటున్నాను. రెండూ చెయ్యలేను."

అక్క వడ్డిస్తున్నదల్లా తమ్ముడి మొహంలోకి చూసింది. అతను తల వంచుకుని తింటున్నాడు. డైరెక్టరు మాట ఒకటి, బావ ఆనందం ఒకటి. రెండింటి మధ్యా మళ్ళీ తనే కూర్చున్నాడు. బడుల పని అంటే కార్ఖానాకి అన్నం ముద్ద. అది ఒకసారి చెయ్యి జారితే ఇంకొకడు ఎగరేసుకుపోతాడని అతనికి తెలుసు.

మర్నాడు ఆఫీసు అవగానే నేరుగా కార్ఖానాకి వెళ్ళాడు. డైరెక్టరు ఏమైనా అననీ అనుకున్నాడు. లోపల రంపం మిషను రొద. బావ ఒక టేకు పలక మీద చిత్రిక పడుతున్నాడు. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా కాళ్ళ మీద రాలుతోంది.

"బావా, ఆ కంపెనీ రావడం లేదు."

"ఏంటీ?"

అతను ఇంకొంచెం గట్టిగా, కానీ అదే గొంతుతో చెప్పాడు. "రావడం లేదు. ఆవిడ సెలవు తీసుకుంటూ వస్తామంది. అంతే. కోర్టుల సంగతి నచ్చలేదు. బడుల పని వదులుకోకు."

బావ మిషను ఆపమని పనివాడికి చెయ్యి ఊపాడు. నవ్వాడు. "వస్తాం అంటే రామని అర్థమా? ఏం దుబాసీవిరా నువ్వు?"

"ఆ మాట నేనే నేర్పాను బావా."

"ఇంకేం మరి! నీ దగ్గర నేర్చుకుని మరీ చెప్పిందంటే ఎంత మనసులో ఉంటే చెప్తుంది?" బావ పనివాళ్ళ వైపు చూసి కన్నుగీటాడు. వాళ్ళూ నవ్వారు. "మంత్రి చెప్పాడు, టీవీ చెప్పింది, కాంట్రాక్టరు చెప్పాడు. వాళ్ళందరూ వెర్రివాళ్ళు, మా బావమరిది ఒక్కడే తెలివైనవాడు. సర్లే. నువ్విది నిజంగానే అంటున్నావా, లేక మీ ఆఫీసులో ఎవరో అన్నది మోసుకొచ్చావా?"

"నేనే అంటున్నాను."

"అలా లేదు," అన్నాడు బావ. వేళాకోళం కాదు, నిజంగానే అతని మొహంలోకి వెతుక్కుంటూ చూసి అన్నాడు. "ఇల్లు అంటుకుంటే ఇలా చెప్తారురా ఎవరైనా? బస్సు ఆలస్యం అన్నట్టు చెప్తున్నావు."

అరవాలనిపించింది. చెయ్యి పట్టుకుని బతిమాలాలనిపించింది. ఎవరిదో కోపాన్నీ ఎవరిదో వేడుకోలునీ అన్నేళ్ళు మోసిన గొంతుకి సొంత భయం ఎలా పలకాలో తెలియలేదు. "ఆలోచించు బావా," అన్నాడు. ఆ మాట కూడా నున్నగా, చిత్రిక పట్టినట్టే వచ్చింది. మిషను మళ్ళీ మొదలైంది.

ఆ వారంలోనే బావ బడుల పని వద్దన్నాడు. ఉన్నదంతా కలపలో పెట్టాడు. మంచి టేకు తెప్పించాడు. కొత్తవాళ్ళని పనిలోకి తీసుకుని, పాలిష్ ఎలా ఎక్కించాలో దగ్గరుండి నేర్పాడు. మీటింగు బల్ల ఒకటి, కోడిగుడ్డు ఆకారంలో, కార్ఖానా నడుమ పెరగడం మొదలైంది. అది పూర్తయిన రోజు అక్క వంగి చూసుకుంటే అందులో మొహం కనపడింది. "నా ముడతలు కూడా కనపడుతున్నాయి, ఇంత మెరిపించడం దేనికి," అంది. బావ చాలా సంతోషించాడు. దుబాసీ జీవితంలో బావని అంత సంతోషంగా చూసింది ఆ కొన్ని నెలలే. దాన్ని చెడగొట్టడానికి రెండోసారి అతనికి నోరు రాలేదు.

ఆ కంపెనీ పక్క దేశంలో ఆఫీసు తెరిచిందన్న కబురు పేపరు లోపలి పేజీలో ఒక మూల వచ్చింది. డైరెక్టరుకి అప్పటికే వేరే శాఖకి బదిలీ అయింది. పోతూ పోతూ దుబాసీ భుజం తట్టి, "మనం పిలిచాం. పిలవడమే మన పని," అన్నాడు. అద్దాల మేడల్లో కొన్ని అంతస్తులు ప్రభుత్వ కార్యాలయాలకే ఇచ్చేశారు. వాళ్ళు తమ పాత బీరువాలూ బల్లలే మోసుకొచ్చుకున్నారు. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేశాడు.

బడులకి ఇప్పుడు ఇనప బెంచీలు వస్తున్నాయి. వాటి మీద పేరు చెక్కడానికి వీల్లేదు. బావ వెళ్ళి అడిగాడు. మీరే కదా వద్దన్నారు అన్నారు బడులవాళ్ళు, అందులో వాళ్ళ తప్పేం లేదు. పనివాళ్ళు ఒక్కొక్కరే మొహమాటపడుతూ సెలవు తీసుకున్నారు. బావ పొద్దున్నే వెళ్ళి కార్ఖానా తెరిచేవాడు. కూర్చునేవాడు. మూసేవాడు. బావమరిదిని ఒక్క మాటనలేదు. హాస్యాలు మాత్రం ఆపేశాడు. ఆదివారాలు భోజనం దగ్గర ఎవరైనా ఏదైనా అంటారేమోనని ముగ్గురూ ఎదురుచూసేవాళ్ళు. ఒకసారి అతను చెయ్యి కడుక్కుంటుంటే అక్క వెనకే వచ్చింది.

"నువ్వు చెప్పావటగా ఆయనకి?"

"చెప్పానక్కా."

"నాకెందుకు చెప్పలేదురా?" అంది అక్క. "నేనైతే నీ నుదురు పట్టుకుని చూసేదాన్ని."

అతను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయాడు.

ఆఖరికి ఒక కంపెనీ వచ్చింది. చిన్నది. ఇతర దేశాల బ్యాంకుల, బీమా కంపెనీల పాత కాగితాలు ఏళ్ళ తరబడి భద్రంగా దాచిపెట్టే కంపెనీ. దానికి అద్దాల మేడలు అక్కర్లేదు, తడి తగలని పొడుగాటి గిడ్డంగి కావాలి. సంస్థవాళ్ళు రేవు రోడ్డు మీద ఉన్నవన్నీ చూపిస్తూ బావ కార్ఖానాకి వచ్చారు. వాళ్ళ వెంట దుబాసీ.

వచ్చిన విదేశీయుడు బాగా కుర్రవాడు. చేతిలో గోడల దూరం కొలిచే చిన్న యంత్రం. అక్క మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. బావ ఉతికిన చొక్కా వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కప్పు కారదని చెప్పు."

దుబాసీ చెప్పాడు. కుర్రవాడు పైకి చూసి రాసుకున్నాడు. చెదలు ఉన్నాయా అని అడిగాడు.

"చెదలా! వడ్రంగి కొంపలో చెదలు పట్టాక వడ్రంగి బతుకుతాడా అని చెప్పు," అన్నాడు బావ. ఎన్నాళ్ళకో వచ్చిన హాస్యం. దుబాసీ దాన్ని జాగ్రత్తగా మోశాడు. కుర్రవాడు నవ్వాడు. బావ మొహం కొంచెం వెలిగింది.

కొలతలయ్యాక, ఈ చోటు సరిపోతుంది, అద్దెకి తీసుకుంటామన్నాడు కుర్రవాడు. కలప ఒక మూల ఉంచుకోవచ్చా అని బావ అడిగించాడు. కర్ర, పొట్టు, పాలిష్ డబ్బాలు ఏవీ ఉండకూడదట, నిప్పు భయం. మీటింగు బల్ల మీద కుర్రవాడి సంచి ఉంది. చాలా అందమైన బల్ల, ఎవరు చేశారని అడిగాడు. దుబాసీ బావని చూపించాడు. ఆ మెప్పుకి బావ ధైర్యం తెచ్చుకున్నాడు. గొంతు తగ్గించి, బావమరిది పక్కకి వచ్చాడు.

"కాగితాలు పెట్టడానికి అరలు కావాలిగా వీళ్ళకి. నాకేమన్నా పని ఉంటుందేమో అడుగు. అరలు కాకపోతే ఇంకేదైనా. పొద్దుటే వచ్చి తలుపు తియ్యడమైనా సరే. నేను అడిగినట్టు కాకుండా అడుగు."

ఆ ఆఖరి మాట ఒకటి వదిలేసి దుబాసీ అడిగాడు. కుర్రవాడు సంచి భుజానికి వేసుకుంటూ చాలాసేపు మాట్లాడాడు. మీవంటి పనిమంతులు దొరకడం అదృష్టమన్నాడు. సరంజామా అంతా తమ దేశం నుంచే ఒకే కొలతలో వస్తుందన్నాడు. మనుషుల్ని తీసుకునే విభాగం వేరే ఉందన్నాడు. మీ ఆసక్తిని తప్పకుండా వాళ్ళ దృష్టికి తీసుకెళతానన్నాడు. అవసరం పడితే కబురు చేస్తామన్నాడు.

బావ ఆశగా చూస్తున్నాడు. అక్క ఖాళీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది.

"లేదంటున్నాడు బావా," అన్నాడు దుబాసీ.

"అంతసేపు మాట్లాడాడుగా?"

"అదంతా మర్యాద. లోపలున్న మాట ఒక్కటే. లేదు." చివరి రెండు అక్షరాల దగ్గర అతని గొంతు పట్టు తప్పింది. సంస్థవాళ్ళు అతని వైపు విచిత్రంగా చూశారు.

బావ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. నవ్వలేదు. ఎవరి మాట ఇది అని మొహంలో వెతకలేదు. తలూపి, చొక్కా చేతులు కిందికి దించుకుని గుండీలు పెట్టుకున్నాడు.

"సరే. ఎప్పటికి ఖాళీ చెయ్యాలో అడుగు."

దుబాసీ కుర్రవాడి వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. అన్నేళ్ళు అన్నం పెట్టిన భాషలో ఆ చిన్న ప్రశ్నకి ఒక్క మాట కూడా నోటికి రాలేదు. కుర్రవాడు ఎదురుచూస్తున్నాడు. అక్క దగ్గరికి వచ్చి, ఏమీ అనకుండా, తమ్ముడి మోచెయ్యి పట్టుకుంది.

బావే ముందుకొచ్చాడు. చేత్తో కార్ఖానా అంతా ఒకసారి చూపించి, వాకిలి వైపు చూపించి, కనుబొమ్మలెగరేశాడు. కుర్రవాడికి అర్థమైంది. ఏదో అని, రెండు వేళ్ళు ఎత్తాడు.

బావ ఆ వేళ్ళ వైపు చూసి, మళ్ళీ బావమరిది వైపు తిరిగాడు. "నెలలేనా?"

"వారాలు బావా," అన్నాడు దుబాసీ.